ముప్పై దగ్గర గీసిన గీత

జైళ్లలో ఖైదీల వ్యక్తిత్వాన్ని అంచనా వేసే మనస్తత్వ నిపుణులకు, ఆ అంచనాలు చదివి విడుదల నిర్ణయించే బోర్డుల సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

మీలో కొందరు స్కోరు వేస్తారు, మరికొందరు ఆ స్కోరు చూసి సంతకం పెడతారు. నేను మీ ఇద్దరి మధ్య నిలబడేవాణ్ని. ముందస్తు విడుదల కోసం ఖైదీలు పెట్టుకునే దరఖాస్తులు రాసే న్యాయవాదిని. మీ నివేదికలు చదవడం నా పనిలో భాగం. చదివీ చదివీ ఒక్క విషయం అడగాలనిపించింది. సైకోపతీ (జాలి, పశ్చాత్తాపం లేని దుడుకు వ్యక్తిత్వం) స్కోరు రాసేటప్పుడు ఆ అంకె ఎలా వచ్చిందో కూడా రాయండి. గణితం పరీక్షలో లెక్క చేయకుండా జవాబు మాత్రమే వేస్తే ఏ మాస్టారూ పూర్తి మార్కులు ఇవ్వరు. ఒక మనిషి మిగిలిన జీవితం ఎక్కడ గడపాలో తేల్చే కాగితంలో మాత్రం "పీసీఎల్-ఆర్ స్కోరు 31, అధిక సైకోపతీ" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తున్నారు.

పీసీఎల్-ఆర్ అంటే సైకోపతీని కొలవడానికి నిపుణులు వాడే చెక్‌లిస్టు. ఆ పరీక్షను చించి పారేయమని అడగడం లేదు. అది రాకముందు కోర్టులు ఏం విని తీర్పులు చెప్పేవో నా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు. టెక్సస్‌లో జేమ్స్ గ్రిగ్సన్ అనే సైకియాట్రిస్టు మరణశిక్ష కేసుల్లో ఒకదాని తర్వాత ఒకటిగా సాక్ష్యం చెబుతూ పోయాడు. ముద్దాయిని ఒక్కసారి కూడా పరీక్షించకుండా, ప్రాసిక్యూషన్ వేసిన ఊహాత్మక ప్రశ్నకు జవాబుగా, ఇతను మళ్లీ హింసకు దిగడం ఖాయమని తేల్చిన సందర్భాలున్నాయి. అమెరికా సుప్రీంకోర్టు ముందుకు 1983లో వచ్చిన బేర్‌ఫుట్ కేసు అలాంటిదే. దీర్ఘకాలంలో ఎవరు ప్రమాదకరంగా మారతారో సైకియాట్రిస్టులు చెప్పే జోస్యాల్లో మూడింట రెండు తప్పుతాయని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఆ కేసులో కోర్టుకు విన్నవించుకుంది. కోర్టు వినిపించుకోలేదు. అదే సంఘం 1995లో గ్రిగ్సన్‌ను తన సభ్యత్వం నుంచి బహిష్కరించింది. అప్పటికే ఆయన సాక్ష్యంతో శిక్షపడిన ఎందరికో అది ఏ రకంగానూ పనికిరాలేదు.

ఆ గాలిమాటల పక్కన పెట్టి చూస్తే రాబర్ట్ హేర్ చేసిన పని విలువ తెలుస్తుంది. 1960లలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా పెనిటెన్షరీలో మనస్తత్వ నిపుణుడిగా పనిచేసిన హేర్, హెర్వీ క్లెక్లీ 1941లో తన రోగులను చూసి రాసిన వర్ణనలను పునాదిగా తీసుకుని ఒక చెక్‌లిస్టు తయారుచేశారు. తొలి రూపం 1980లో, సవరించిన రూపమైన పీసీఎల్-ఆర్ 1991లో, దాని రెండో కూర్పు 2003లో వచ్చాయి. మొత్తం 20 అంశాలు. ఒక్కోదానికి 0, 1, 2లలో ఏదో ఒకటి వేస్తారు. అన్నీ కలిపితే 40. ఉత్తర అమెరికాలో 30 వచ్చిందంటే సైకోపాత్ అనిపించుకునే గీత దాటినట్టే. ఇంటర్వ్యూ ఒక్కదాన్నే నమ్ముకుని స్కోరు వేయకూడదని, ఫైలు చదివి తీరాలని నియమం. తెలివైన నియమమే. కొలవాల్సిన లక్షణాల్లోనే మాటకారితనం, అలవాటుగా అబద్ధమాడటం, ఎదుటివారిని బుట్టలో వేసుకోవడం ఉన్నాయి కదా.

బోర్డుల సభ్యులు ఇక్కడ కాస్త ఆగాలి. కెనడా ఫెడరల్ జైళ్లలోని 310 మంది పురుష ఖైదీల రికార్డులు పరిశీలించిన అధ్యయనం 2009లో వెలువడింది. సైకోపతీ స్కోరు ఎక్కువగా ఉన్నవారికి షరతులతో కూడిన విడుదల దొరికే అవకాశం మిగతావారికన్నా సుమారు రెండున్నర రెట్లు ఎక్కువని అందులో తేలింది. బయటికి వెళ్లాక వారి నడవడిక మాత్రం మిగతావారికన్నా అధ్వాన్నంగా ఉంది. మనుషులను చూడగానే పసిగట్టేస్తామన్న ధీమా మీలో ఎవరికైనా ఉంటే ఆ అధ్యయనాన్ని బల్ల మీద పెట్టుకోండి. బల్లకు అవతల కూర్చుని ముచ్చటగా మాట్లాడినవాడే మీ ధీమాను వాడుకుని వెళ్లిపోయి ఉండవచ్చు. కాబట్టి పరీక్ష అవసరం. నా అభ్యంతరమంతా 20 అంశాలు ఒక అంకెగా, ఆ అంకె ఒక పేరుగా మారే దారి మీదే.

ఆ 20 అంశాల్లో మొదటి గుంపులో 8 ఉంటాయి: పైపై ఆకర్షణ, తానే గొప్పన్న భావన, పశ్చాత్తాపం లేకపోవడం, జాలి లేకపోవడం వంటివి. రెండో గుంపులో 10: దుడుకుతనం, బాధ్యత లేకపోవడం, చిన్ననాటి ప్రవర్తన సమస్యలు, బాల నేరాలు, రకరకాల నేరాలు చేయడం వంటివి. లైంగిక సంబంధాలకు, స్వల్పకాలపు వివాహాలకు సంబంధించిన మిగతా రెండూ ఏ గుంపులోనూ ఇమడవు. ఇప్పుడు కూడి చూడండి. రెండో గుంపులో పూర్తిగా 20, విడిగా ఉన్న రెండింటికీ 4 తెచ్చుకున్నవాడికి మొదటి గుంపులో 16కు 6 వస్తే చాలు, 30 అవుతుంది. మరొకడికి మొదటి గుంపులో 16కు 16 వచ్చి, మిగతా అన్నింటిలో కలిపి 14 వచ్చినా అదే 30. మొదటివాడు తిరుగుబోతు జీవితం గడిపిన దుడుకు మనిషి. రెండోవాడు మనసులో తడి అన్నది లేనివాడు. మీ నివేదికలో ఇద్దరిదీ ఒకే అంకె, ఒకే పేరు.

ఇందులో మరో చిక్కు ఉంది. సైకోపాత్ అనగానే వినేవారి గుండె ఝల్లుమనేది మొదటి గుంపు లక్షణాల వల్ల. మళ్లీ నేరం చేస్తాడా లేదా అన్నది ఎంతో కొంత చెప్పగలిగేదేమో రెండో గుంపు. తొమ్మిది అంచనా పద్ధతులను పోల్చి 2010లో వెలువడిన ఒక మెటా విశ్లేషణలో (అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి చూసే పద్ధతి), హింసను ముందే పసిగట్టే విషయంలో మొదటి గుంపు స్కోరు బొమ్మా బొరుసూ వేయడంకన్నా మెరుగ్గా లేదని తేలింది. గతంలో పదేపదే నేరాలు చేసినవాడు మళ్లీ చేసే అవకాశం ఎక్కువ అన్న పాత సంగతినే రెండో గుంపు లెక్కకట్టి చెబుతోంది. అంటే ఆ పేరు భయాన్ని ఒకచోట నుంచి, నమ్మకాన్ని మరోచోట నుంచి తెచ్చుకుంటోంది. రెండు గుంపుల స్కోర్లూ విడివిడిగా రాస్తే ఈ గారడీ సాగదు. రాయడానికి పట్టేది ఒక్క పంక్తి.

ఇక గీత సంగతి. స్కాట్లండ్ ఖైదీల మీద పరిశోధించినవారు, అక్కడ 25 తెచ్చుకున్న మనిషి ఉత్తర అమెరికాలో 30 తెచ్చుకున్న మనిషికి సమానమని లెక్కగట్టారు. ఐరోపాలో చాలాచోట్ల 25 దగ్గరే గీత గీస్తున్నారు. 27 వచ్చినవాడు సముద్రానికి ఒక ఒడ్డున సైకోపాత్, మరో ఒడ్డున కాదు. పైగా ఈ కొలతకు ప్రామాణిక దోషం సుమారు 3 పాయింట్లు. ఇది విమర్శకులు కనిపెట్టిన లోపం కాదు, పరీక్ష మాన్యువల్ నుంచి వచ్చిన అంకే. 31 అని రాసిన చోట 28 అయినా 34 అయినా ఆశ్చర్యపోనక్కర్లేదన్నమాట. అయినా నా చేతికొచ్చిన నివేదికల్లో ఆ హెచ్చుతగ్గుల వ్యవధి రాసినవి అరుదు. ఈ కొలతకు సొంత మాన్యువల్ ఇచ్చినపాటి వినయం కూడా నివేదిక ఇవ్వడం లేదు.

స్కోరు ఎవరు వేశారన్నది ఇంకో ప్రశ్న. అమెరికాలో పరిశోధకులు వందమందికి పైగా ఫోరెన్సిక్ నిపుణులను డబ్బిచ్చి నియమించుకున్నారు. కొందరిని ప్రాసిక్యూషన్ తరఫున, మరికొందరిని డిఫెన్స్ తరఫున పనిచేస్తున్నట్టు నమ్మించి, అందరికీ ఒకే ఫైళ్లు ఇచ్చారు. ప్రాసిక్యూషన్ తరఫున అనుకున్నవారు ఎక్కువ స్కోర్లు, డిఫెన్స్ తరఫున అనుకున్నవారు తక్కువ స్కోర్లు వేశారు. 2013లో ఈ ఫలితం వెలువడింది. వారెవరూ లంచం తిన్నవారు కాదు, తాము నిష్పక్షపాతంగానే వేశామని నమ్మినవారే. అంతకుముందు నిజమైన కేసుల్లో రెండు పక్షాల నిపుణులు ఒకే మనిషికి వేసిన స్కోర్లను పోల్చినప్పుడు కూడా ఇదే వాలు కనిపించింది. మాన్యువల్లో చూపే ఏకాభిప్రాయం శిక్షణ పొందిన పరిశోధకుల మధ్య సాధించినది. ఇరుపక్షాలున్న కోర్టు గదిలో అది అలాగే నిలుస్తుందని ఎవరు చెప్పారు?

ఫైలు చదివి తీరాలన్నది తెలివైన నియమమని పైన అన్నాను. ఆ ఫైలు లోపల ఏముంటుందో కూడా చెప్పాలి. నా దగ్గరికి వచ్చిన ఒక కేసులో వార్డరు పుస్తకంలోని మొదటి రిమార్కు ఇలా ఉంది: "రాత్రి భోజనం తీసుకోలేదు. పిలిస్తే పలకలేదు. పళ్లెం నెట్టేశాడు." కింద తేదీ, పొట్టి సంతకం. ఆ తర్వాతి సంవత్సరపు వార్షిక నివేదికలో అదే సంఘటన "సిబ్బంది పట్ల దూకుడుగా ప్రవర్తించాడు" అయింది. మరికొన్నేళ్లకు బదిలీ పత్రంలో "సిబ్బందిపై దాడి చేసిన చరిత్ర ఉంది" అని చేరింది. పళ్లెం ఎక్కడో జారిపోయింది. చివరికి సైకోపతీ అంచనా వేసిన నిపుణుడు బదిలీ పత్రాన్ని నమ్మి, ప్రవర్తనపై అదుపు లేకపోవడం అన్న అంశానికి 2 వేశాడు. వార్డరు పుస్తకం దాకా వెనక్కి వెళ్లి చూసి ఉంటే 1 వేసేవాడో, 0 వేసేవాడో. అది 30కి చేరిన స్కోరు కాబట్టి ఆ ఒక్క అంశమే గీతకు ఇవతలో అవతలో తేల్చింది. వెనక్కి వెళ్లమని ఆ నిపుణుణ్ని అడిగినవారూ లేరు, అందుకు సమయం ఇచ్చినవారూ లేరు. ఆ రాత్రి ఆ మనిషి ఎందుకు తినలేదో ఏ కాగితంలోనూ లేదు.

ఫైలు ఇలాంటిదైతే ఇంటర్వ్యూ మరో రకం. నేరాన్ని ఒప్పుకోని ఖైదీని తీసుకోండి. అప్పీలు విచారణలో ఉంది, నోరు విప్పొద్దని వకీలు చెప్పాడు. నిపుణుడు పశ్చాత్తాపం గురించి అడుగుతాడు. "నేను చేయలేదు" అంటాడు ఖైదీ. పశ్చాత్తాపం లేదు, 2. తన చర్యలకు బాధ్యత తీసుకోవడం లేదు, 2. నిజంగానే చేయనివాడు ఆ గదిలో చెప్పదగ్గ మాట ఏదైనా ఉందా? చేశానని ఏడిస్తే ఏడుపు పైపైదేమోనన్న అనుమానం. చక్కగా, తడబడకుండా మాట్లాడితే మాటకారి. ముక్తసరిగా మాట్లాడితే భావోద్వేగాలు లోతు లేనివి. దుబాసీ ద్వారా మాట్లాడేవాడి సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. గొంతులో జీర, మాట మధ్యలో ఆగడం ఇవన్నీ దుబాసీ దగ్గరే ఆగిపోతాయి. అతను అనువదించేది మాటలనే. నైపుణ్యం ఉన్న నిపుణుడు వీటిని విడదీయగలడని ఒప్పుకుంటాను. అయితే విడదీశాడో లేదో చదివేవారికి ఎలా తెలుస్తుంది? ఏ అంశానికి ఏ ఆధారంతో ఎంత వేశారో రాస్తేనే కదా.

జీవితఖైదు పడినవారికి "వాస్తవికమైన దీర్ఘకాలిక లక్ష్యాలు లేకపోవడం" అన్న అంశం ఉందని తెలిస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

కాలం గురించి కూడా ఒక మాట. ఈ పరీక్ష మనిషి మొత్తం జీవితాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. గత ఏడాది ఎలా ఉన్నాడన్నది దాని ప్రశ్న కాదు. పదమూడేళ్లలోపు చేసిన అల్లరి, బాల నేరాలు, ఒకసారి షరతులు తప్పి విడుదల రద్దు కావడం ఎన్నటికీ చెరగవు. ఇరవై ఏళ్ల వయసులో వచ్చిన మార్కులు యాభై ఏళ్లప్పుడూ అలాగే ఉంటాయి. వ్యక్తిత్వాన్ని కొలిచే పరీక్షకు అది సహజమే, తప్పు పట్టను. అయితే మనిషి మారాడా అన్న ప్రశ్నకు ఆ పరీక్షనే మళ్లీ చేయించి, స్కోరు తగ్గలేదు కనుక మారలేదని తేల్చడం ఏ లెక్కన న్యాయం? విడుదల బోర్డుల ముందున్న ప్రశ్న మార్పు గురించే అయినప్పుడు దానికి వేరే కొలతలు కావాలి, అవి ఉన్నాయి కూడా.

కెనడా సుప్రీంకోర్టు 2018లో ఎవర్ట్ కేసులో తేల్చిన విషయాన్ని మీలో ప్రతి ఒక్కరూ చదవాలని నా మనవి. కెనడా ఆదివాసీల్లో మేటీ తెగకు చెందిన ఒక ఖైదీ, తనకు వాడిన పీసీఎల్-ఆర్ సహా అయిదు పరీక్షలు ఆదివాసీల విషయంలో సరిగ్గా పనిచేస్తాయని ఎవరు రుజువు చేశారని ప్రశ్నించాడు. జైళ్ల శాఖకు ఆ సందేహాలు చాలా ఏళ్లుగా తెలుసు. తెలిసీ పరిశోధన చేయించకుండా వాడుతూనే పోయింది. ఖైదీల గురించి వాడే సమాచారం కచ్చితంగా ఉండేలా తగిన చర్యలు తీసుకోవాలన్న చట్టబద్ధ బాధ్యతను శాఖ ఉల్లంఘించిందని కోర్టు చెప్పింది. రాజ్యాంగ హక్కులకు భంగం కలిగిందన్న వాదనను మాత్రం ఒప్పుకోలేదు. నాకు ఇందులో ముఖ్యంగా తోచింది ఒకటే. పరీక్ష పనికిరాదని కోర్టు అనలేదు. ఈ మనుషుల మీద పనిచేస్తుందో లేదో చూసుకున్నారా అని అడిగింది. ఆ ప్రశ్న కెనడా సరిహద్దుల్లోనే ఆగాల్సిన పని లేదు.

మరో తప్పు చాలా మామూలైపోయింది. సంఘవిరోధి వ్యక్తిత్వ రుగ్మత (పదేపదే నియమాలను, ఇతరుల హక్కులను ఉల్లంఘించే తీరు) అన్న నిర్ధారణనూ సైకోపతీనీ ఒకే గాటన కట్టేస్తున్నారు. 12 దేశాల్లో జరిగిన 62 సర్వేలను కలిపి 2002లో ప్రచురించిన సమీక్షలో పురుష ఖైదీల్లో 47 శాతం మందికి మొదటిది ఉన్నట్టు తేలింది. ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో 30 గీతతో సైకోపతీని కొలిస్తే పురుషుల్లో 7.7 శాతం, స్త్రీలలో 1.9 శాతం మాత్రమే వచ్చారు. రెండూ ఒకటే అనుకుంటే దాదాపు సగం జైలును సైకోపాత్‌లుగా రాసిపారేసినట్టే.

రాసిపారేయడం వల్ల వచ్చే అసలు నష్టం ఆ తర్వాత కనిపిస్తుంది. "చికిత్సకు లొంగడు" అన్న వాక్యం ఇలాంటి నివేదికల్లో తరచూ స్కోరు వెంటే వస్తుంది. దాని మూలాల్లో ఒకటి కెనడాలో ఒంటారియోలోని ఓక్‌రిడ్జ్ ఆసుపత్రి మీద 1992లో వచ్చిన అధ్యయనం. అక్కడ చికిత్స పొందిన సైకోపాత్‌లు, పొందనివారికన్నా ఎక్కువగా హింసాత్మక నేరాలు చేశారని అది చెప్పింది. ఇంతవరకే అందరికీ గుర్తుంటుంది. ఆ చికిత్స ఏమిటో ఎవరూ అడగరు. రోగులకు ఎల్ఎస్‌డీ వంటి మందులు ఇచ్చారు. బట్టలు లేకుండా ఒక చిన్న మూసిన గదిలో గుంపుగా రోజుల తరబడి ఉంచారు. గోడలోంచి గొట్టాల ద్వారా ద్రవాహారం పట్టారు. దశాబ్దాల తర్వాత అక్కడి మాజీ రోగులు కోర్టుకెక్కితే, 2017లో ఒంటారియో న్యాయమూర్తి ఆ పద్ధతులను చిత్రహింస అన్నారు. చిత్రహింస మనుషులను బాగు చేయలేదన్నది ఆ అధ్యయనం నుంచి నేర్చుకోదగ్గ పాఠం. ఏ చికిత్సా పనిచేయదన్నది దాని నుంచి రాదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో మెండోటా అనే కేంద్రం, మామూలు బాలనేరస్థుల సంస్థలు తమ వల్ల కాదని పంపిన కుర్రాళ్లను తీసుకుని, ఒత్తిడి తగ్గించి, ఓపిగ్గా పనిచేసింది. సైకోపతీ లక్షణాలు గట్టిగా ఉన్నవారిలో కూడా హింసాత్మక నేరాలు తగ్గాయని 2006లో ప్రచురించిన ఫలితాలు చెబుతున్నాయి. కాబట్టి "లొంగడు" అని రాసేముందు ఏ చికిత్స ఇచ్చి చూశారో రాయండి. ఏదీ ఇవ్వకపోతే అది కూడా రాయండి.

పిల్లల విషయం పెద్దగా చెప్పనక్కర్లేదు. 12 నుంచి 18 ఏళ్లవారి కోసం తయారైన రూపానికి మాన్యువల్ అసలు గీతే పెట్టలేదు. అయినా పదహారేళ్ల కుర్రాడి నివేదికలో ఆ పేరు కనబడితే, రాసినవారు మాన్యువల్ చదవలేదనుకోవాలి.

హేర్ స్వయంగా 1998లోనే తన పరీక్ష దుర్వినియోగం గురించి వ్యాసం రాశారు. 2020లో ఈ రంగంలోని 13 మంది నిపుణులు కలిసి, జైలు లోపల తీవ్రమైన హింసకు పాల్పడతాడా అన్నది చెప్పడానికి మరణశిక్ష కేసుల్లో ఈ స్కోరును వాడటం తగదని ప్రకటించారు. వారిలో హేర్‌తో కలిసి ఇదే పరీక్షకు సంక్షిప్త రూపం తయారుచేసిన స్టీఫెన్ హార్ట్ కూడా ఉన్నారు. దీన్ని ఖండిస్తూ మరికొందరు నిపుణులు రాశారు, వాదన సాగుతూనే ఉంది. ఆ వాదనలో ఎవరు గెలిచినా నేను అడుగుతున్నది మారదు.

నిపుణులారా, మీకు పని పెరుగుతుందని తెలుసు. ప్రతి అంశం పక్కన ఆధారం రాయాలి, ఆ ఆధారం ఫైలులో ఏ కాగితం నుంచి వచ్చిందో, మొదటి కాగితం మీరు చూశారో లేదో రాయాలి. రెండు గుంపుల స్కోర్లు వేరుగా, హెచ్చుతగ్గుల వ్యవధితో సహా ఇవ్వాలి. మిమ్మల్ని ఎవరు నియమించారో పైనే చెప్పాలి. స్కోరు గీతకు మూడు పాయింట్ల లోపు దూరంలో ఉంటే, మీ అంకె తెలియని మరో నిపుణుడి చేత స్వతంత్రంగా వేయించాలి. నివేదిక ఖైదీకి చదివి వినిపించి, అతను కాదన్న చోట ఏమన్నాడో చేర్చాలి. ఇవన్నీ చేస్తే మీరు నెలలో రాసే నివేదికలు సగమవుతాయేమో. కానివ్వండి. ఆ సమయం అడగాల్సింది జైళ్ల శాఖలను, అడిగేటప్పుడు ఈ లేఖను జత చేసుకోవచ్చు.

బోర్డుల సభ్యులారా, మీకు ఇంత పని లేదు. నివేదిక రాసిన నిపుణుణ్ని పిలిపించి ఒక్క ప్రశ్న అడగండి: ఏ అంశాలకు ఒక్కో మార్కు తగ్గితే ఈ మనిషి గీత కిందికి వస్తాడు, వాటికి మీ దగ్గరున్న ఆధారం ఏమిటి? ఆ ఆధారం ఒక బదిలీ పత్రంలోని వాక్యమే అయితే, దాని వెనక ఉన్న వార్డరు పుస్తకం తెప్పించే అధికారం మీకుంది. అది వచ్చేదాకా దరఖాస్తును తిరస్కరించకుండా వాయిదా వేసే అధికారం కూడా ఉంది.

ఇట్లు,
విడుదల దరఖాస్తులు రాసే ఒక న్యాయవాది